రెండు సగాల బొమ్మ: మన రజతోత్సవం క్యాసెట్ కథ

స్వర్ణోత్సవ కమిటీ వారు నాకు అప్పగించిన పని చిన్నదే అనుకున్నాను. పాతికేళ్ళ కిందట జరిగిన మన సంఘం రజతోత్సవం వీడియో క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించాలి, ఈసారి సభలో పెద్ద తెర మీద చూపించడానికి ఓ పావుగంట ముక్క తయారు చెయ్యాలి. అంతే. ఆ క్యాసెట్లో ఎవరెవరున్నారో నాతోటి వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ రోజు వేదిక మీద వరసగా కూర్చుని శాలువాలు కప్పించుకున్న మాస్టార్లలో ఈ సంచిక చదవడానికి మిగిలినవారు ఇద్దరే. మిగతావాళ్ళు కదులుతూ, మాట్లాడుతూ కనిపించేది, నాకు తెలిసినంతలో, ఆ ఒక్క క్యాసెట్లోనే.

వీసీఆర్ సంపాదించడానికే రెండు నెలలు పట్టింది. ప్రపంచంలో చివరి వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో వాటిని ఆపేసింది. అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో మరమ్మతు చేసేవాళ్ళంతా ఎప్పుడో సెల్‌ఫోన్ల పనిలోకి మారిపోయారు. చివరికి ఒక పాత విద్యార్థి ఇంటి అటక మీద దొరికింది. తుడిచి, బెల్టు మార్పించి, క్యాప్చర్ పరికరానికి తగిలించి, మా ఇంటి వసారాలో పదిమంది చూస్తుండగా ఆడించాం.

లెక్కల మాస్టారు మైకు దగ్గరకు వచ్చారు. కదలకుండా నిలబడినంతసేపూ బొమ్మ బాగానే ఉంది. తర్వాత ఆయన అలవాటు ప్రకారం చెయ్యెత్తి, "ఏరా, వెనక బెంచీ!" అన్నారు. అంతే, ఆ చెయ్యి అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోయాయి. వేళ్ళు ఐదు కాదు, ఎన్నో. చెయ్యి ఆగగానే మళ్ళీ ఐదు. ఆడపిల్లల కోలాటం దగ్గరికి వచ్చేసరికి కర్రలన్నీ రంపాలైపోయాయి. "క్యాసెట్టు పాడైపోయిందర్రా" అన్నారు అందరూ.

పాడవలేదు. ఆ సంగతి నాకు చెప్పింది, మా వైపు పెళ్ళిళ్ళకు ఇరవయ్యేళ్ళు వీడియో తీసిన ఒక సీనియర్. ఆయనా మన బడిలో చదివినవాడే. ఫోన్లో విని నవ్వాడు. "పాడవలేదు తమ్ముడూ. అది రెండు సగాల బొమ్మ. నువ్వు రెండు సగాల్నీ ఒకేసారి చూపిస్తన్నావ్." ఆ మాట అర్థం కావాలంటే తొంభయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

టెలివిజన్ పుట్టిన కొత్తలో ఇంజనీర్లను పీడించిన సమస్య రెపరెప. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు చాలు, ఎందుకంటే ప్రొజెక్టర్లో తిరిగే షట్టర్ ఒక్కో బొమ్మను రెండేసి సార్లు తెర మీద మెరిపిస్తుంది. టీవీ గొట్టంలో ఆ వెసులుబాటు లేదు. ఎలక్ట్రాన్ పుంజం తెర మీద పైనుంచి కిందకు గీతలు గీసుకుంటూ పోతుంది, గీసిన చోటు కాసేపు వెలిగి ఆరిపోతుంది. సెకనుకు 25 సార్లే గీస్తే కళ్ళు నొప్పెట్టేంత రెపరెప. 50 సార్లు గీస్తే బొమ్మ నిలకడగా ఉంటుంది గాని, పంపాల్సిన సమాచారం రెట్టింపవుతుంది, గాలిలో దానికి కావలసిన చోటూ రెట్టింపవుతుంది. దీనికి దొరికిన ఉపాయం బొమ్మను సగానికి కొయ్యడం. మొదట 1, 3, 5 అంటూ బేసి గీతలు గీయాలి. మళ్ళీ పైకి వచ్చి 2, 4, 6 అంటూ సరి గీతలు గీయాలి. కన్ను రెంటినీ కలిపేసుకుంటుంది. సెకనుకు 50 మెరుపులు, ఖర్చు మాత్రం 25 బొమ్మలది. జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థలో పనిచేసిన ఫ్రిట్జ్ ష్రోటర్ 1930లో, అమెరికాలో ఆర్‌సీఏ ఇంజనీరు రాండాల్ బల్లార్డ్ 1932లో ఈ దారి పట్టినవాళ్ళు. ఇంటర్‌లేసింగ్ అంటే ఇదే. ఒక్కో సగాన్ని ఫీల్డ్ అంటారు, రెండు ఫీల్డులు కలిస్తే ఒక ఫ్రేమ్.

బండారులంకలో మగ్గం చూసినవాళ్ళకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. ఒక కాలు తొక్కితే పడుగులో సగం దారాలు లేస్తాయి, రెండో కాలు తొక్కితే మిగతా సగం. చీర ఒక్కటే. పని మాత్రం ఎప్పుడూ సగం సగంగానే జరుగుతుంది.

1936 నవంబర్ 2న లండన్‌లో బీబీసీ ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు రెండు పద్ధతులను పోటీకి పెట్టింది. జాన్ లోగీ బెయిర్డ్‌ది 240 గీతలు, సెకనుకు 25 నిండు బొమ్మలు. మార్కోని-ఈఎంఐ వారిది 405 గీతలు, అల్లికతో సెకనుకు 50 ఫీల్డులు. నాలుగు నెలలు తిరక్కుండానే బెయిర్డ్ పద్ధతిని పక్కన పెట్టేశారు. అప్పటినుంచి ప్రపంచమంతా సగం బొమ్మల దారే పట్టింది. యాభై అనే అంకె ఎందుకంటారా? అక్కడి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. టీవీ ఊపు కరెంటు ఊపుతో సరిపోతే తెర మీద పాకే మసక పట్టీలు ఇబ్బంది పెట్టవు. మన కరెంటూ 50 హెర్ట్జే కాబట్టి మనకూ ఆ లెక్కే వచ్చింది: 625 గీతలు, సెకనుకు 50 ఫీల్డులు, ఫీల్డుకు 312 గీతలా అర. ఆ అర గీత దగ్గరే కిటుకంతా ఉంది. దానివల్లే రెండో ఫీల్డు మొదటి దాని సందుల్లో సరిగ్గా పడుతుంది. 625ను 25తో గుణిస్తే 15,625. చిన్నప్పుడు పక్కింట్లో టీవీ పెట్టారని గోడ ఇవతలినుంచే మనకు తెలిసిపోయేది కదా, ఆ సన్నటి ఈల శబ్దం తరచుదనం ఇదే. పెద్దవాళ్ళకు వినిపించదు. మా నాన్నగారు నేను అబద్ధమాడుతున్నానని చాలాకాలం నమ్మారు.

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ ప్రయోగం కింద అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 ఊళ్ళకు కార్యక్రమాలు పంపినప్పుడు ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. 1982లో రంగులొచ్చాయి. మా ఊళ్ళో మాత్రం టీవీ అంటే 1987లో ఆదివారం పొద్దున వచ్చే రామాయణమే. ఇనుప గొట్టం చివర యాంటెన్నా, దాన్ని తిప్పడానికి డాబా మీద ఒక కుర్రాడు, "వచ్చిందా?" "రాలేదు, కొంచెం పడమరకి!" అనే కేకలు. చుక్కల వర్షంలో రాముడు. అప్పుడు ఎవరికీ దువ్వెన పళ్ళు కనిపించలేదు. కనిపించవు కూడా. ఆ గొట్టం బేసి గీతలను వాటి వేళకు, సరి గీతలను వాటి వేళకు విడివిడిగా చూపించేది. రెండో సగం వచ్చేసరికి మొదటి సగం ఆరిపోతూ ఉండేది.

దూరదర్శన్ చుక్కలతో వస్తున్న ఆ రోజుల్లోనే వీసీఆర్ నిగనిగలాడే బొమ్మతో దిగింది. టీవీ, వీసీఆర్ రాత్రికి అద్దెకు తెచ్చి వీధిలో బల్ల మీద పెట్టి తెల్లవార్లూ మూడేసి సినిమాలు చూసిన తరం మనది. వెనకాలే పెళ్ళి వీడియోలు వచ్చాయి. భుజం మీద పెద్ద కెమెరా, పక్కన లైటు పట్టుకున్న కుర్రాడు, తలంబ్రాల వేళకి ఆ లైటు వేడికి పెళ్ళికూతురి మొహం మీద చెమటలు. తర్వాత "మిక్సింగ్": గులాబీ రేకుల్లోంచి విచ్చుకునే వధూవరులు, తిరిగే పెట్టెలు, వెనక సినిమా పాట. ఈ పనివాళ్ళ గురించి ఎవరూ రాయలేదని నాకో చిన్న బాధ. మన సీమలో నలభయ్యేళ్ళ జీవితాన్ని భద్రపరిచింది వాళ్ళే.

ఆ క్యాసెట్ ఎలా పనిచేస్తుందో చూస్తే మన దువ్వెన పళ్ళ మూలం దొరుకుతుంది. 1976లో జపాన్‌కు చెందిన జేవీసీ తెచ్చిన వీహెచ్ఎస్ యంత్రంలో తళతళలాడే ఒక డోలు ఉంటుంది. మన పద్ధతిలో అది నిమిషానికి 1,500 చుట్లు, అంటే సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. దాని మీద ఎదురెదురుగా రెండు హెడ్లు. ఒక్కో హెడ్డు టేపు మీద ఏటవాలుగా ఒక గీత గీస్తుంది. దాని వెడల్పు 49 మైక్రాన్లు, మామూలు తల వెంట్రుక కంటే సన్నం. ఒక గీత, ఒక ఫీల్డ్. డోలు ఒక చుట్టు తిరిగితే రెండు గీతలు, రెండు సగాలు, ఒక బొమ్మ. అంటే మన క్యాసెట్లో నిండు బొమ్మ అనేది ఎక్కడా లేదు. సగాలే ఉన్నాయి. ఆ రెండు సగాల మధ్య సెకనులో యాభయ్యో వంతు కాలం గడిచిపోయింది.

లెక్కల మాస్టారి భాషలోనే చెబుతాను. చెయ్యి సెకనుకు 2 మీటర్ల వేగంతో లేచింది అనుకోండి. 1/50 సెకనులో అది 4 సెంటీమీటర్లు కదులుతుంది. బేసి గీతల్లో చెయ్యి ఇక్కడుంది, సరి గీతల్లో 4 సెంటీమీటర్ల పైనుంది. కంప్యూటర్ ఈ రెంటినీ ఒకే బొమ్మగా పేర్చి ఒకేసారి చూపిస్తుంది. దువ్వెన రాక మరేం వస్తుంది? కదలనిది కదలనట్టే ఉంటుంది, కదిలింది చీలుతుంది. కెమెరాయే పక్కకు తిరిగితే కొబ్బరి చెట్లు, జెండా స్తంభం, మొత్తం బడీ చీలుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సీనియర్‌కు ఫోన్ చెయ్యడానికి ముందే నేనొక పని చేశాను. కంప్యూటర్లో రెండు సగాలనూ కలిపి మసకబార్చే పద్ధతి ఒకటుంది, బ్లెండ్ అంటారు. నొక్కాను. దువ్వెనలు పోయాయి. మురిసిపోయి మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గంటలో లెక్కల మాస్టారి అమ్మాయి దగ్గర్నుంచి ఫోన్. "అన్నయ్యా, నాన్నగారికి రెండు చేతులు కనిపిస్తున్నాయేంటి? దెయ్యంలా ఉన్నారు" అంది. చూస్తే నిజమే. ఎత్తుతున్న చెయ్యి, ఎత్తిన చెయ్యి, రెండూ పల్చగా పక్కపక్కనే. అంతకంటే పెద్ద తప్పు, ఫోన్లకు సరిపోయేలా బొమ్మ ఎత్తు తగ్గించడం. విడదీయకుండా ఎత్తు మారిస్తే బేసి గీత, సరి గీత ఒకదాన్లో ఒకటి కరిగిపోతాయి. పాలూ నీళ్ళూ వేరు చేసే హంసను తెచ్చినా ఇక విడదీయలేదు. మూలం నా దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది.

మూలం లేనివాళ్ళ సంగతేమిటి? అదీ చరిత్రే, విచారకరమైన చరిత్ర. 2000 ప్రాంతంలో మన పట్టణాల్లో "మీ పాత క్యాసెట్లు సీడీల్లోకి మార్చబడును" అన్న బోర్డులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ సీడీలు వీసీడీలు, 1993లో స్థిరపడిన ప్రమాణం. అందులో బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 గీతల ఎత్తు. ఎంపెగ్-1 అనే ఆ పద్ధతికి అల్లిక బొమ్మ తెలియదు. అందుకని రెండు ఫీల్డుల్లో ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని వదిలెయ్యడం మామూలుగా జరిగేది. దువ్వెన సమస్య రాదు నిజమే, సగం కాలమే పోతుంది. సెకనుకు 50 కదలికల్లో 25 మిగులుతాయి. 720 చుక్కలు, 576 గీతలు పట్టే చోట పావు వంతు మిగులుతుంది. క్యాసెట్ కంటే సీడీ మేలని నమ్మి, మార్పించాక క్యాసెట్లను పాత సామాన్లవాడికి వేసినవాళ్ళు ఎంతమందో. కొట్టువాళ్ళను అనడానికి లేదు. అప్పటికి అదే కొత్త. ఇస్తున్నది సగమని వాళ్ళకూ తెలియదు.

మన రజతోత్సవానికీ అలాంటి వీసీడీలు మూడు తయారుచేసి సభ్యులకు పంచారు. అదృష్టవశాత్తు అప్పటి కార్యదర్శి గారు అసలు క్యాసెట్‌ను తన ఇంటి బీరువాలో ఉంచేశారు.

ఉంచడమూ అంత తేలికైన సంగతి కాదు మన దగ్గర. రెండు పాయల గోదావరి, మూడో వైపు సముద్రం. గాలిలో తేమ ఏడాది పొడుగునా. టేపు చుట్ట అంచున తెల్లగా పొడి పూసినట్టు బూజు పడుతుంది. ఆ బూజుతోనే ఆడిస్తే టేపు తెగవచ్చు, ఆ పొడి హెడ్లకు పట్టి తర్వాత పెట్టే క్యాసెట్లకూ అంటుకోవచ్చు. 1996 నవంబర్ 6 రాత్రి తుపానులో కప్పులెగిరిపోయిన ఇళ్ళలో ఫోటోలతో పాటు క్యాసెట్లూ నానిపోయాయి. అయినా కొన్ని మిగిలాయి. ఈ పని చేస్తున్నానని తెలిసి ఒక మిత్రుడు తన అక్క పెళ్ళి క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు. 1995 మాఘమాసం పెళ్ళి. అప్పగింతలు అయిపోయాక టేపు ఇంకా మిగిలితే, వీడియో కుర్రాడు పాశర్లపూడి మంట దగ్గరకు వెళ్ళి ఆ నాలుగు నిమిషాలూ నింపేశాడు. ఆ ఏడాది జనవరి 8న ఓఎన్‌జీసీ బావి పేలి, మార్చి 15న ఆర్పేదాకా 65 రోజులు మండిన మంట. రాత్రిళ్ళు మన ఊళ్ళల్లో వెన్నెల అక్కర్లేకపోయింది, గుర్తుందా? పెళ్ళికూతురు కన్నీళ్ళు, వెంటనే ఆకాశమంత మంట. ఏ వార్తా సంస్థ దగ్గరా లేని నాలుగు నిమిషాలు, పెళ్ళి క్యాసెట్ తోకలో.

మళ్ళీ మన పనికొస్తాను. సీనియర్ ఇంటికి వచ్చి దగ్గర కూర్చుని దారి చూపించాడు. మొదటి నియమం: తెచ్చేటప్పుడు ఏమీ మార్చకూడదు. 720 అడ్డం, 576 నిలువు, సగాలు సగాలుగానే, నాణ్యత పోని పద్ధతిలో. అసలు ఏ కుదింపూ లేకపోతే గంటకు 75 జీబీ దాకా అవుతుంది. నష్టం లేని కుదింపుతో అందులో సగానికో, ఇంకా తక్కువకో వస్తుంది. అది మూలప్రతి. దాని మీద చెయ్యి పెట్టకూడదు, ఏం చేసినా నకలు మీదే.

రెండోది ఏ సగం ముందు అన్నది. ఇక్కడే రెండు రోజులు పోయాయి. కొన్ని పరికరాలు పై ఫీల్డును ముందు ఇస్తాయి. డీవీ క్యాసెట్ల కుటుంబం కింది ఫీల్డును ముందు ఇస్తుంది. ఎడిటింగ్ ప్రోగ్రాముకు తప్పు చెబితే 1, 2, 3, 4 రావలసిన క్షణాలు 2, 1, 4, 3గా వస్తాయి. మాస్టారి చెయ్యి రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కు వేస్తూ వణికింది. ఆయనకు వణుకు ఎప్పుడూ లేదు, బోర్డు మీద వృత్తం ఒక్క చుట్టులో గీసేవారు. ఆ వణుకుతో చూపించి ఉంటే, ఆయన్ని ఎరగని పిల్లలు అది ముసలితనమే అనుకునేవారు. నాకు చెమటలు పట్టింది అక్కడే. ఫీల్డులను విడదీసి ఒక్కొక్కటే నడిపించి చూశాం. చెయ్యి ఒకే దిక్కుకు సాగే వరస ఏదో తేలింది, ఆ వరసే సరైనది.

మూడోది విడదీయడం. ఒక్కో సగాన్నీ ఒక్కో నిండు బొమ్మగా పెంచి, లేని గీతలను ముందు వెనక ఫీల్డులు చూసి ఊహించి నింపే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతున్నాయి. యాడిఫ్ వేగమైనది. క్యూటీజీఎంసీ నిదానమే గాని ఎంతో నేర్పరి, మా కంప్యూటర్ మీద రాత్రంతా నడిచింది. పొద్దున లేచి చూస్తే సెకనుకు 50 బొమ్మలు. కోలాటంలో కర్ర కర్రకు తగిలే క్షణం, తగిలి వెనక్కు వచ్చే క్షణం వేరువేరుగా కనిపించాయి. మాస్టారి చేతికి ఐదే వేళ్ళు, చూపుడువేలి మీద సుద్దముక్క పట్టిన తెల్లదనంతో సహా. వాళ్ళమ్మాయికి పంపించాను. తిరిగి ఫోన్ రాలేదు. సాయంత్రం ఆవిడే మనిషితో ఒక డబ్బా పూతరేకులు పంపించారు.

ఒక్క చోట ఓడిపోయాం. హెడ్మాస్టారి ప్రసంగం మధ్యలో సుమారు నలభై సెకన్లు టేపు నలిగి ఉంది. మొదటిసారి ఆడినప్పుడు బొమ్మ చిరుగుతూ అయినా వచ్చింది, రెండోసారి మంచు తప్ప ఏమీ రాలేదు. మొదటిసారి రికార్డు నొక్కలేదు నేను. అప్పుడు, ఇందాకటినుంచీ నేను తిట్టిపోస్తున్న వీసీడీ గుర్తొచ్చింది. ముగ్గురి ఇళ్ళు వెతికితే ఒకరి దగ్గర గీతలు పడిన రెండో సీడీ దొరికింది. అందులో ఆ నలభై సెకన్లూ ఉన్నాయి. సగం కాలం, పావు వంతు బొమ్మ, మాట మాత్రం పూర్తిగా. అతికించాం. ఆ ముక్క దగ్గర బొమ్మ ఒక్కసారిగా మసకబారుతుంది, కదలిక కొంచెం కుదుపుగా ఉంటుంది. దాన్ని మిగతా వాటితో కలిసిపోయేలా మెరుగుపెడదామని ఒకరన్నారు. వద్దన్నాను. అది ఎక్కడినుంచి వచ్చిందో కనబడనివ్వండి.

సభలో చూపించబోయేది పావుగంటే. మూడు గంటల మూలప్రతి రెండు హార్డ్ డిస్కుల్లో ఉంది, ఒకటి బడి కార్యాలయంలో, ఒకటి సంఘం కోశాధికారి దగ్గర. మన బడి వార్షికోత్సవాలు, ఆటల పోటీలు, మాస్టార్ల ఉద్యోగ విరమణ సభలు ఇంకా కొన్ని క్యాసెట్లలో ఉన్నాయని విన్నాను. మీ అటక మీద ఉంటే బూజు పట్టినా సరే పారేయకండి, ఆడించి చూడాలని మాత్రం ప్రయత్నించకండి. టేపును వేలితో తాకకండి. అట్టపెట్టెలో నిలువుగా నిలబెట్టి, పొడిగా ఉన్నచోట ఉంచి కబురు చేస్తే నేనే వచ్చి తీసుకువెళతాను. వీసీఆర్ బెల్టు ఈ వర్షాకాలం దాకా ఉంటుందన్నాడు బాగుచేసినాయన.